మూకుడు మీద దుప్పటి

మస్తాన్ గారు షట్టరు పైకెత్తి, కొట్టు ముందు నీళ్ళు చల్లి, ఈకల కుంచె పట్టుకుని మా మీది దుమ్ము దులిపేవారు. రోజూ పొద్దున్నే ఆయన చేసే మొదటి పని అదే. ముందు నేల మీద వరసగా నిలబెట్టిన, మంటలార్పే ఎర్ర సిలిండర్లు, తరవాత చుట్టలు చుట్టిన గొట్టాలు, ఆ తరవాత హెల్మెట్లు, అన్నిటికంటే చివర గోడ మేకుకి వేలాడే నేను. నా దాకా వచ్చేసరికి ఆయన చెయ్యి నొప్పెట్టేది కాబోలు, రెండు తట్లు తట్టి వదిలేసేవారు.

నేను ఒక దుప్పటిని. కప్పుకుని పడుకునే దుప్పటిని కాను. నన్ను ఒంటి మీద వేసుకుంటే తెల్లవార్లూ గోక్కుంటూ కూర్చోవాలి. మంట మీద కప్పడానికి పుట్టినదాన్ని. కొట్టులో ఫైర్ బ్లాంకెట్ అనేవారు. ఎర్ర సంచిలో మడిచి పెట్టి ఉంటాను. సంచి అడుగున రెండు తెల్ల పట్టీలు వేలాడుతుంటాయి. రెండు చేతులా వాటిని పట్టి కిందికి లాగితే ఒక్క ఊపులో బయటికొస్తాను. నా గురించి తెలియాల్సినది ఇంతే. ఈ కాస్తా తెలియక మనుషులు ఎన్ని తిప్పలు పడతారో చెప్పడానికే ఈ కథ.

నా పుట్టుక కొలిమిలో. ఇసకనీ సున్నపురాయినీ ఇంకేవో పొడుల్నీ కలిపి కరిగించి గాజు చేశారు. ఆ కరిగిన గాజుని సన్నని బెజ్జాల్లోంచి లాగితే తలవెంట్రుక కన్నా సన్నని పోగులొచ్చాయి. కింద పడితే పగిలే గాజు, పోగయ్యేసరికి వంచినట్టల్లా వంగింది. ఆ పోగుల్ని పేని, మగ్గం మీద నేశారు. చేతులకి తొడుగులు వేసుకుని ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు నా అంచులు కుట్టారు. అందులో ఒకామె నన్ను మడత పెట్టింది. ఆమె పేరు నాకు తెలియదు. ఆ రోజు ఆమె అలాంటివి కొన్ని వందలు మడిచి ఉంటుంది. కానీ ఆ మడతలో ఎక్కడ పొరపాటు జరిగినా, తరవాతెప్పుడో, ఎవరి ఇంట్లోనో, నేను సంచిలో సగం ఇరుక్కుపోయేదాన్ని. ఆమె పొరపాటు చెయ్యలేదు.

కాకినాడలో మస్తాన్ గారి కొట్టులో రెండేళ్ళు వేలాడాను. ఆ రెండేళ్ళలో మనుషుల్ని బాగానే చూశాను. ఒక పెళ్ళిళ్ళ హాలు యజమాని వచ్చి, "లోపల మందు లేకపోయినా పర్లేదండి, తనిఖీకి పైకి కనపడితే చాలు" అన్నాడు. "మంట కూడా పైపైన కనపడి వెళ్ళిపోతుందాండి మీ హాల్లో?" అని అడిగారు మస్తాన్ గారు. హాలు యజమాని నవ్వి, పక్క వీధి కొట్టుకి వెళ్ళాడు. ఇంకొకాయన గేటుకి అటొకటి ఇటొకటి పెట్టడానికి రెండు సిలిండర్లు కొన్నాడు, గేటు కూడా ఎరుపేనట. నన్ను మాత్రం వచ్చినవాళ్ళంతా పట్టుకుని చూసి, "ఇదేంటి, ఇస్త్రీ బల్ల మీద పరిచేదా?" అని అడిగి వదిలేసేవారు.

హైమ వచ్చింది శ్రావణ మాసంలో. ఇరవై ఆరేళ్ళుంటాయి. రామచంద్రపురం కోడలు, అక్కడ అంగన్‌వాడీలో టీచరు. బస్సు దిగి నడిచి వచ్చినట్టుంది, చెప్పుల నిండా బురద. కొట్టులో ముగ్గురుంటే ముగ్గురూ వెళ్ళేదాకా ఓ పక్కన నిలబడి, మస్తాన్ గారు వాళ్ళకి ఏం చెబుతున్నారో వింది. తరవాత చేతిసంచిలోంచి చింపిన కేలండరు కాగితం తీసింది. దాని వెనక గుండ్రటి అక్షరాలతో ఏదో రాసుకుంది.

"ఏం కావాలమ్మా?"

"మంటలార్పేవి చూడాలండి. ఇంటికి."

మస్తాన్ గారు తల ఎత్తారు. ఇంటికని ఆ కొట్టుకి వచ్చేవాళ్ళు ఏడాదికి నలుగురుంటే ఎక్కువ.

"ఈ సిలిండర్లలో ఏది మంచిదండి?" అంది హైమ, కాగితం చూసి.

"మందుల కొట్టుకెళ్ళి ఏ మాత్ర మంచిదని అడుగుతామా అమ్మా? జబ్బేంటో చెప్పి అడుగుతాం. ఇదీ అంతే. మీ ఇంట్లో ఏది కాలుతుందో చెప్పు, ఏది కొనాలో నేను చెబుతాను."

"రెండేళ్ళ కిందట కాలిందండి. మా అత్తయ్య జంతికలు, చేగోడీలు వండి ఇస్తుంది. సారెలకి, సీమంతాలకి. మూకుడులో నూనె అంటుకుంటే పక్కనున్న చెంబెడు నీళ్ళు పోసేసింది."

మస్తాన్ గారు కుంచె పక్కన పెట్టేశారు. "నీళ్ళు నూనె అడుక్కి దిగి, ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెనంతా పైకి తంతాయమ్మా."

"చూశానండి" అంది హైమ.

ఆ తరవాత ఆయన బేరం మాటలు మాట్లాడలేదు. స్టూలు జరిపి కూర్చోమని, ఓపిగ్గా చెప్పారు. కాగితం, చెక్క, గుడ్డ కాలితే నీళ్ళు పొయ్యొచ్చు. నూనెకి పొయ్యకూడదు, కరెంటుకి పొయ్యకూడదు. పొడి ఉండే సిలిండరు ఇంట్లో చాలావాటికి పనికొస్తుంది. ఫ్రిజ్ వెనక వైరు కాలినా, దేవుడి దగ్గర దీపం పడి కర్టెన్ అంటుకున్నా.

"మరి నూనెకండి?"

"కొట్టొచ్చు గానీ, దగ్గర నిలబడి కంగారులో నొక్కితే ఆ విసురుకి నూనె చిమ్ముతుంది. వంటిల్లంతా పిండిమిల్లు అయిపోవడం వేరే సంగతి. చిన్న బాణలి అయితే మూత పెట్టి పొయ్యి కట్టేస్తే చాలు. మీ మూకుడుకి మూత ఉందా?"

"అంత మూత మా ఊళ్ళో లేదండి."

ఆయన నవ్వి, నన్ను మేకు మీంచి దించారు. రెండేళ్ళలో మొదటిసారి నన్ను పూర్తిగా దులిపారు. "అయితే ఇది. గాలి అందకపోతే మంట చచ్చిపోతుంది. మూకుడు మీద పరిచి, గ్యాసు కట్టేసి, గంటసేపు ముట్టుకోకుండా ఉండాలి. ఆ ముట్టుకోకుండా ఉండటమే కష్టం. ఆరిందా లేదా అని ఎత్తి చూస్తారు. గాలి తగిలి మళ్ళీ లేస్తుంది."

హైమ అదీ రాసుకుంది. తరవాత సంచిలోంచి నూలుదారం తీసింది. దానికి రెండు ముడులున్నాయి. ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా మూకుడుని కొలిచి తెచ్చింది. గోడకి వేలాడే దుప్పట్లలో చిన్నదాని మీద ఆ దారం పరిచి చూసి, పక్కన పెట్టింది. నా మీద పరిచింది. ముడికి అటూ ఇటూ మూరెడు మూరెడు మిగిలాను. "ఇది" అంది.

సిలిండరు కూడా అలాగే ఎంచింది. పెద్దదాన్ని ఎత్తి, చెయ్యి చాపి, మనసులో ఇరవై లెక్కపెట్టింది. చెయ్యి వణికింది. రెండు కిలోలదాన్ని ఎత్తి మళ్ళీ లెక్కపెట్టింది. "మా అత్తయ్య ఎడమ చేతిలో బలం లేదండి. ఆవిడ ఎత్తగలిగినదే కొనాలి" అంది. ఐఎస్ఐ గుర్తు ఎక్కడుందో, తేదీ ఎక్కడుందో, ఒత్తిడి చూపే ముల్లు ఆకుపచ్చ గీతలోనే ఉండాలంటే ఏమిటో అన్నీ అడిగింది. గేటు ఎరుపా నలుపా అని మాత్రం ఆలోచించలేదు.

అలా మేమిద్దరం, పొడి సిలిండరూ నేనూ, ఒకే సంచిలో బస్సెక్కి రామచంద్రపురం చేరాం.

ఆ ఇంటి సంగతి చెప్పాలి. హైమ అత్తగారు మంగతాయారుకి యాభై ఎనిమిదేళ్ళు. ఎడమ మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ముడతలు పడి, మెరుస్తూ ఉంటుంది. భర్త ప్రకాశం కరెంటాఫీసులో లైన్‌మేనుగా చేసి రిటైరయ్యాడు. కొడుకు లారీ మీద తిరుగుతుంటాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. మంగతాయారు ముప్పై ఏళ్ళు వండింది. ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు కూడా "జంతికల మంగతాయారు గారి ఇల్లెక్కడండీ" అని అడిగేవారట. చెయ్యి కాలాక మూకుడు అటకెక్కింది. ఆ రెండేళ్ళూ ఆవిడ మళ్ళీ లైన్‌మేన్ గారి భార్య అయిపోయింది.

మేం వెళ్ళేటప్పటికి మూకుడు అటక దిగి ఉంది. ఆవిడ మళ్ళీ వండటం గురించి అప్పుడే మాట మీద మాట నడుస్తోంది.

"ఏంటమ్మా హైమా, దుప్పట్ల వ్యాపారం పెట్టావా?" అన్నాడు ప్రకాశం, నన్ను చూసి. "ఇసక బకెట్టు ఉందిగా గుమ్మంలో. ముప్పై మూడేళ్ళు స్తంభాలెక్కాను. నిప్పు గురించి నాకు చెప్పడానికి కాకినాడ వెళ్ళొచ్చావు."

"ఆ బకెట్టులో పిల్లి పిల్లల్ని పెట్టింది మావయ్య గారూ" అంది హైమ.

ప్రకాశం బకెట్టు వైపు చూడలేదు. భార్య వైపు తిరిగాడు. "ఒక్కమాట చెబుతున్నాను. వండుకో. కాదనను. కానీ ఇంకోసారి మూకుట్లో మంట లేచిందా, ఆ మూకుడు పాత సామాన్లవాడి బండెక్కుతుంది. ఆ తరవాత ఈ ఇంట్లో ఎవరూ పిండివంటల పేరు ఎత్తకూడదు."

"సరే" అంది మంగతాయారు.

ఆయన దెబ్బలాటకి సిద్ధపడి ఉన్నాడు. "సరే అంటే?"

"సరే అంటే సరే. లేస్తే కదా."

ఆయన మొరటువాడు కాడు. రెండేళ్ళ కిందట ఆవిణ్ణి ఆస్పత్రికి ఎత్తుకెళ్ళింది ఆయనే. తొమ్మిది రాత్రులు బల్ల మీద కూర్చుని నిద్ర కాచింది ఆయనే. భయాన్ని భయం అని చెప్పుకోలేని మగవాడు దానికి ఆజ్ఞ అని పేరు పెడతాడు. ఇది నేను ఆ ఇంట్లో నేర్చుకున్నాను.

ఇక నా కష్టాలు మొదలయ్యాయి. మంగతాయారు నన్ను చేత్తో నిమిరి చూసి, "ఎంత బాగుందో. వంటింట్లో పెడితే మసి పట్టిపోదూ" అని తీసుకెళ్ళి బీరువాలో పెట్టేసింది. కలరా ఉండల మధ్య, పట్టుచీరల కింద. బీరువాకి తాళం వేసి, తాళం చెవి బొడ్లో దోపుకుంది. ఆ ఇంట్లో కొత్త వస్తువుకి దొరికే పెద్ద మర్యాద అది. నాతోపాటు ఆ అరలో ఎవరో ఇచ్చిన స్టీలు ఫ్లాస్కు ఉంది, పెట్టె కూడా విప్పలేదు. దాని మీద తేదీ చూస్తే హైమ పెళ్ళికంటే ముందుది.

హైమ మర్నాడు పొద్దున తాళం చెవి అడిగి, నన్ను తీసి వంటింట్లో వేలాడేసింది. సాయంత్రానికి నేను మళ్ళీ పట్టుచీరల కింద ఉన్నాను. మర్నాడు మళ్ళీ బయటికి. ఇలా ఎనిమిది రోజులు జరిగింది. తాళం చెవి అడగడం తప్ప అత్తాకోడళ్ళ మధ్య ఆ ఊసే లేదు. తొమ్మిదో రోజు పొద్దున హైమ ఇంకా నిద్ర లేవకముందే, మంగతాయారే నన్ను తీసి బయట పెట్టింది. "రోజూ బీరువా తలుపు కిర్రుమంటోంది" అని మాత్రం అంది.

అప్పుడు ప్రకాశం కల్పించుకున్నాడు. సుత్తీ మేకూ తెచ్చి, సరిగ్గా పొయ్యి వెనక గోడకి, పొయ్యికి జానెడు పైన నన్ను తగిలించాడు. "పొయ్యి మంటకే కదా ఇది. పొయ్యి దగ్గరే ఉండాలి" అన్నాడు.

హైమ గ్యాసు వెలిగించి, మంట పూర్తిగా పెంచింది. "మావయ్య గారూ, ఓసారి ఆ పట్టీలు లాగి చూపించండి."

ఆయన చెయ్యి చాపాడు. మంట వేడికి అది సగంలోనే ఆగిపోయింది. ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని, మేకు పీకేశాడు. పెరటి గుమ్మం పక్కన కొట్టాడు. పొయ్యికి ఐదడుగుల దూరం, బయటికి పారిపోయే దారిలో, మంగతాయారు భుజం ఎత్తులో. "నేనూ ఇక్కడే అనుకున్నాను" అన్నాడు. సిలిండరు ముందు గది గుమ్మం పక్కకి వెళ్ళింది.

వస్తువు గోడకెక్కడం ఒక ఎత్తు, చేతికెక్కడం ఇంకో ఎత్తు. హైమకి ఆ సంగతి తెలుసు. రోజూ పొద్దున, పొయ్యి వెలిగించకముందే, ఒక పాత దుప్పటి నా పక్కన వేలాడేసి, ఉత్త మూకుడు పొయ్యి మీద పెట్టి, "అత్తయ్యా, మంట" అనేది.

మంగతాయారు కుడిచెయ్యి నీళ్ళ చెంబు వైపు వెళ్ళేది.

చేగోడీలు చుట్టేవాళ్ళకి పక్కన చెంబెడు నీళ్ళు ఉండాల్సిందే. వేళ్ళకి పిండి అంటుకోకుండా మాటిమాటికీ తడి చేసుకుంటారు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ కుడివైపున, చూడకుండా చెయ్యి చాపితే అందే చోట, ఆ చెంబు ఉంది. ఆ రోజు నూనె మీద పోసింది కూడా ఆ చెంబే. బుద్ధికి తెలిసిందని చేతికి తెలిసినట్టు కాదు. "అత్తయ్యా, మంట" అనగానే చెయ్యి దాని దారిన అది చెంబు మీదికి వెళ్ళిపోయేది. ఆవిడ దాన్ని వెనక్కి లాక్కుని, ఎవరిదో చెయ్యి అన్నట్టు చూసుకునేది.

హైమ చెంబుని గుమ్మం అవతల గట్టు మీద పెట్టింది. "తడి కావాలంటే లేచి వెళ్ళాలి" అంది.

"నా మోకాళ్ళ సంగతి నీకేం తెలుసే."

"రోజూ తైలం రాసేది నేనేగా అత్తయ్యా."

పదకొండో రోజున చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగింది. గాల్లో కాసేపు వెతుక్కుని, పైకి, పాత దుప్పటి వైపు తిరిగింది. హైమ నేర్పినట్టే అంచు మడిచి రెండు పిడికిళ్ళూ లోపల దాచుకుని, దుప్పటిని కవచంలా ముందు పట్టుకుని, తన వైపు నుంచి అవతలికి మూకుడు మీద పరిచింది.

"నవ్వకు" అంది.

"నవ్వలేదత్తయ్యా" అంది హైమ. నిజంగానే నవ్వలేదు.

భాద్రపదంలో మూకుడు వెలిగింది. మొదట పక్కింటివాళ్ళకి అరకిలో జంతికలు, తరవాత ఎవరింట్లోనో సీమంతానికి చేగోడీలు. వీధిలో మళ్ళీ ఆ పేరు వినపడసాగింది. వినపడినప్పుడల్లా ఆవిడ చేతి కింద జంతికల గొట్టం కాస్త గట్టిగా తిరిగేది. నేను గుమ్మం పక్కన వేలాడుతూ, ఏ పనీ లేకుండా, పొగ వాసన పీలుస్తూ ఉండిపోయాను. పని లేకపోవడమే నా పని బాగా జరగడం. ఇంత సుఖమైన ఉద్యోగం ఇంకెవరికైనా ఉంటుందా అనిపించేది.

ఈలోగా ప్రకాశానికి సిలిండరు మీద మనసు పడింది. నేను ఎంతైనా గుడ్డని. అది ఇనుము. మీట ఉంది, ముల్లు ఉంది, పిన్ను ఉంది. ఆయనకి అర్థమయ్యే భాష. నెలకోసారి తిరగేసి కుదపాలి, లేకపోతే పొడి అడుగున గడ్డకడుతుందని హైమ చెబితే, ఆయన వారానికోసారి కుదిపేవాడు. వచ్చినవాళ్ళకి చూపించేవాడు. "మేమే కాకినాడ వెళ్ళి ఎంచి తెచ్చాం" అనేవాడు. హైమ పక్కనే ఉండి కాఫీ ఇచ్చేది.

విజయదశమి వచ్చింది. లైన్‌మేన్ల ఇళ్ళలో ఆ రోజు పనిముట్లకి పూజ. ప్రకాశం తన కటింగ్ ప్లేయరు, టెస్టరు, బెల్టు, సైకిలు అన్నీ కడిగి, పసుపు రాసి బొట్లు పెట్టాడు. వాటి పక్కన సిలిండరుని కూడా కూర్చోబెట్టాడు. నన్ను కూర్చోబెట్టలేదు. పసుపుదారం తీసి, సిలిండరు మెడకి, మీటకి, పిన్నుకి కలిపి తొమ్మిది చుట్లు చుట్టి, మూడు ముడులు వేశాడు. తడి పసుపు మెత్తి బిగించాడు.

"పిన్ను ఊడదేమో మావయ్య గారూ" అంది హైమ.

"పూజ దారం విప్పకూడదమ్మా. దానంతటదే ఊడాలి."

పండగపూట మావగారితో వాదన ఎందుకని, రేపు స్కూలు నుంచి వచ్చాక తానే మెల్లగా విప్పుదామని ఆమె అనుకుంది. ఆ మాట నా పక్కన నిలబడి అత్తగారితో మెల్లగా అంది కూడా.

మర్నాడే సారె. వీధి చివరి ఇంటివాళ్ళ అమ్మాయి అత్తవారింటికి వెళుతోంది. పదకొండింటికి కారు కదులుతుంది. మూడు డబ్బాల జంతికలు, రెండు డబ్బాల చేగోడీలు అడిగారు. మంట తరవాత అంత పెద్ద పని రావడం అదే మొదలు. మంగతాయారు తెల్లవారకుండానే మొదలుపెట్టింది. ఎనిమిదిన్నరకి హైమ స్కూలుకి వెళ్ళేటప్పటికి నాలుగు డబ్బాలు నిండాయి, ఐదోది సగం అయింది. వాయి తీసి, మంట బాగా తగ్గించి, చేతులు తడుపుకోవడానికి ఆవిడ గుమ్మం దాటి గట్టు దగ్గరికి వెళ్ళింది. అక్కడే కూర్చుని నాలుగు చేగోడీలు చుట్టడం మొదలెట్టింది.

ప్రకాశం వంటింట్లోకి వచ్చాడు. మూకుడు చూశాడు, గోడ గడియారం చూశాడు. సాయం చెయ్యాలనిపించింది. మంట పూర్తిగా పెంచి, ముందు గదిలోకి వెళ్ళి పేపరు తీశాడు.

నేను చూస్తూనే ఉన్నాను. నూనె మీద ముందు సన్నని పొగ. తరవాత చిక్కటి పొగ. నాకు గొంతు లేదు. ఆ తరవాత మూకుడు నడిమధ్య నీలంగా ఏదో కదిలి, ఒక్కసారి అంచుల దాకా పాకి, మూరెత్తున లేచింది.

మంగతాయారు గుమ్మంలో నిలబడి ఉంది. పేపరు పడేసి ప్రకాశం సిలిండరుతో వచ్చాడు. పిన్ను పట్టి లాగాడు. రాలేదు. పసుపు ఎండి దారం ఇనుప తీగలా బిగుసుకుపోయింది. "కత్తెరేదీ, మంగా, కత్తెరేదీ" అంటున్నాడు, గోళ్ళతో ముడి పీకుతూ. మూకుడుకి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. దారం ఊడి ఉంటే ఆ దూరం నుంచే కొట్టేవాడు. ఆయన భక్తి ఆయన్ని కాపాడిందని నేననను. అది నాకు తెలియని విషయం.

మంగతాయారు కుడిచెయ్యి పక్కకి వెళ్ళింది. చెంబు చేతికందే దూరంలోనే, గట్టు మీద ఉంది. వేళ్ళు దాని అంచుకి తగిలాయి కూడా. అక్కడ ఆగాయి. కాలిన ఎడమచెయ్యి ముందు కదిలింది. నా పట్టీల మీద ఆవిడ వేళ్ళు పడ్డాయి, కుడిచెయ్యి వెనకాలే వచ్చింది.

"జరగండి" అంది.

లాగింది. పేరు తెలియని ఆ మడతామె పని ఎంత శుభ్రమో ఆ క్షణంలో తెలిసింది. ఒక్క ఊపులో బయటికొచ్చాను. నా అంచుల్లో ఆవిడ పిడికిళ్ళు దాక్కున్నాయి. ఆవిడ గుండె చప్పుడు నా పోగులన్నిటికీ వినపడింది. కానీ అడుగులు తొట్రుపడలేదు. నేను ముందు, ఆవిడ నా వెనక. మూకుడు ఇవతలి అంచు మీద నన్ను ఆనించి, అవతలికి వాల్చింది. మంట నా కింద ఒకసారి ఎగిరింది, ఇంకోసారి ఎగరబోయింది, తరవాత దానికి గాలి దొరకలేదు. కొలిమిలో పుట్టినదాన్ని, నాకది కొత్త కాదు.

ఆవిడ చెయ్యి కిందికి వెళ్ళి పొయ్యి పిడి పట్టుకుంది. తను తగ్గించి వెళ్ళిన పిడి. అది పూర్తిగా పెరిగి ఉంది. ఆవిడ దాన్ని ఒకసారి చూసింది. తిప్పి కట్టేసింది. గ్యాసు బండ దగ్గర రెగ్యులేటరు కూడా కట్టేసి, కిటికీ తెరిచింది.

ప్రకాశం దగ్గరికొచ్చి నా కొస పట్టుకున్నాడు. "ఆరిందో లేదో చూద్దాం."

ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది. "గంటదాకా ముట్టుకోకండి."

గంటసేపు ఇద్దరూ వంటింటి గుమ్మంలో కూర్చున్నారు, అటొకరు ఇటొకరు. మధ్యలో ఆయన మొదలుపెట్టాడు. "నేను ముందే చెప్పానా లేదా. ఇంకోసారి మంట లేస్తే..." ఆయన చూపు పొయ్యి పిడి మీద పడింది. మాట ఆగింది. చాలాసేపటికి, "పదకొండుకి కారన్నారు కదా, ఆలస్యమవుతుందని..." అన్నాడు. అదీ పూర్తి కాలేదు.

ఆవిడ గోడ గడియారం చూసింది.

నూనె చల్లారాక నన్ను తీసి పెరటి గోడ మీద ఆరేసింది. నా నడుమంతా నల్లబడి, పోగులు పెళుసెక్కాయి. నాలాంటివాళ్ళం ఒక్క మంటకే. రెండోసారి నన్ను నమ్మకూడదు. ఈ సంగతి హైమ కేలండరు కాగితం మీద ఉంది, మంగతాయారుకీ తెలుసు. అందుకే మిగిలిన పిండి మీద తడిగుడ్డ కప్పి పక్కన పెట్టేసింది, మళ్ళీ పొయ్యి వెలిగించలేదు. గుమ్మం పక్క మేకు ఖాళీగా ఉంది. ఐదో డబ్బా సగంలోనే ఉంది. దాని మూత అలాగే బిగించింది.

తరవాత మూకుడుని నూతి దగ్గరికి ఈడ్చుకెళ్ళి, బూడిదా కొబ్బరి పీచూ పెట్టి తోమడం మొదలెట్టింది.

ప్రకాశం పెరటి మెట్టు మీద సిలిండరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కటింగ్ ప్లేయరు తెచ్చుకుని, పసుపుదారం ఒక్కో చుట్టూ కత్తిరిస్తున్నాడు. తెగిన ముక్కల్ని కింద పడనివ్వకుండా చొక్కా జేబులో వేసుకుంటున్నాడు. అప్పుడే వీధిలో పాత సామాన్లవాడి కేక వినపడింది. ఆ వేళకి రోజూ వస్తాడు. బండి చక్రాల చప్పుడు దగ్గరవుతోంది. ప్రకాశం తల ఎత్తి మూకుడు వైపు చూశాడు. మంగతాయారు తోమడం ఆపలేదు. ఆయన వైపు చూడనూ లేదు. బూడిద చేతుల్తో అంచు పట్టుకుని, మూకుడుని ఒక్కసారి తిప్పి, రెండో పక్క తోమసాగింది. బండి గేటు ముందుకొచ్చింది. కేక ఇంకోసారి వినపడింది. ఆయన తల దించుకుని ఇంకో చుట్టు కత్తిరించాడు. చక్రాల చప్పుడు దూరమైపోయింది.

మూకుడు కడిగి, ఎండలో బోర్లించింది. నీళ్ళు పోసి చేతులు కడుక్కుంది. లోపలికెళ్ళి చీర మార్చుకుని, తల దువ్వుకుని వచ్చింది. ఐదు డబ్బాలూ రెండు సంచుల్లో సర్దింది.

నేను ఇక్కడ గోడ మీద ఉన్నాను. సాయంత్రం హైమ వచ్చి చూసి, నన్ను చెత్తలో వేస్తుంది, లేదా బట్టల రాయి కింద పరుస్తుంది. రెండూ నాకు సమ్మతమే. నా పని అయిపోయింది. ఆవిడ పని అవుతుందా ఆగుతుందా అన్నదే ఇప్పుడు ఈ ఇంట్లో మిగిలిన సంగతి. దాన్ని తేల్చాల్సినది తానేనని ప్రకాశం ఇంకా అనుకుంటున్నాడేమో, ప్లేయరు మెట్టు మీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"మంగా, ఈ దుప్పటి కొన్న కొట్టు కాకినాడలో ఎక్కడంది హైమ?"

మంగతాయారు చెప్పులు వేసుకుంది. ఒక సంచి కుడిచేతికి, ఒక సంచి కాలిన ఎడమచేతికి తగిలించుకుంది. ఒకసారి బరువు సరిచూసుకుని, ఆయన పక్కనుంచే నడిచి, గేటు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయింది.